మా ఆయన తుపాకులను ప్రకటన ఇచ్చి అమ్మిన విధం

మా ఆయన పోయిన నాలుగో నెలలో ఆ ఇనుప పెట్టె తెరిచాను. తాళం అంకెలు ఆయన డైరీ చివరి పేజీలో రాసి పెట్టారు. లోపల నాలుగు తుపాకులు ఉన్నాయి: రూగర్ 10/22 రైఫిల్, రెమింగ్టన్ 870 షాట్‌గన్, గ్లాక్ 19 పిస్తోలు, స్మిత్ అండ్ వెసన్ 686 రివాల్వర్. శనివారాలు గురి సాధనకు వెళ్లేవారు. సెప్టెంబరు వస్తే ఆఫీసు మిత్రులతో గువ్వల వేటకు బయలుదేరేవారు. ఆయనకు అవి ఎంతో ఇష్టమైన వస్తువులు. నాకు మాత్రం ఒంటరి ఇంట్లో అవి ఉన్నాయన్న ఆలోచనతో నిద్ర పట్టేది కాదు.

మేము అమెరికాలో, టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉంటాము. ఈ దేశంలో స్థిరపడిన మన కుటుంబాల్లో తుపాకి కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కొనడం గురించి చెప్పేవాళ్లు దొరుకుతారు, వదిలించుకోవడం గురించి చెప్పేవాళ్లు దొరకరు. నేను మూడు దశాబ్దాలు లెక్కలు చూసిన మనిషిని. ఏ పనైనా కాగితం ముందు పెట్టుకుని చేస్తాను. ఆ అలవాటుతోనే నాలుగింటినీ ప్రకటన ఇచ్చి చట్టప్రకారం అమ్మాను. ఎలా చేశానో, ఎక్కడ ఆగాల్సి వచ్చిందో రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఆ తుపాకి అమ్మే హక్కు మీకుందో లేదో తేల్చుకోండి. భర్తదో తండ్రిదో అయినంత మాత్రాన మర్నాడే అమ్మేయడానికి లేదు. మా ఆయన వీలునామా రాశారు. కోర్టు దాన్ని ఆమోదించి ఆస్తి వ్యవహారం నా చేతికి వచ్చేదాకా ప్రకటన జోలికి పోలేదు. ఆ లోగా నాలుగింటి తయారీదారు, మోడల్, క్యాలిబర్ (గొట్టం లోపలి కొలత), సీరియల్ నంబరు ఒక పుస్తకంలో ఎక్కించాను. వారసత్వంగా వచ్చిన వస్తువు అమ్మితే లాభాన్ని సాధారణంగా ఆ మనిషి పోయిన నాటి విలువ నుంచి లెక్కిస్తారు కాబట్టి, ఆ తేదీకి దగ్గరలో పలికిన ధరలు కూడా రాసుకున్నాను. పన్నుల లెక్క చేసే రోజున ఈ చిన్న పని అక్కరకు వచ్చింది.

తర్వాతి పని వాటిని ఖాళీ చేయడం. ఇది అలవాటు లేనివాళ్లు ఒంటరిగా చేయకూడదు. మా ఆయనతో గురి సాధనకు వెళ్లిన మిత్రుడిని పిలిచాను. ఆ మిత్రుడు ప్రతి తుపాకినీ మనుషులు లేని వైపుకు తిప్పి పట్టుకుని, ట్రిగ్గర్‌కు వేలు దూరంగా ఉంచి పని మొదలుపెట్టారు. పిస్తోలులో ముందు మ్యాగజైన్, అంటే తూటాలు పేర్చే డబ్బా, తీయాలి, ఆ తర్వాతే పైనున్న స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్, అంటే పేలబోయే తూటా కూర్చునే గది, చూడాలి. వరుస తారుమారైతే, లాగినప్పుడు పడిపోయిన తూటా స్థానంలో మ్యాగజైన్ నుంచి ఇంకొకటి ఎక్కి కూర్చుంటుంది. తరువాత మ్యాగజైన్ తీసేసి ఖాళీ అయిందనుకుంటారు. ఇళ్లలో జరిగే ఘోరాలకు ఈ పొరపాటు ఒక కారణమని ఆయన చెప్పినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. రివాల్వర్‌లో సిలిండర్ పక్కకు తెరిచి ఆరు గదులూ చూశారు. షాట్‌గన్‌లో ఛాంబర్ ఒక్కటే చూస్తే చాలదు. బ్యారెల్ (తూటా బయటికి వచ్చే పొడవాటి గొట్టం) కింద ఉన్న మరో గొట్టంలో కూడా తూటాలు వరుసగా ఉంటాయి. అన్నీ ఖాళీగానే ఉంటాయని మా ఆయన ఎప్పుడూ అనేవారు. ఆ గొట్టంలో రెండు తూటాలు దొరికాయి.

అప్పుడే బ్యారెల్ పొడవులు కూడా కొలిపించాను. రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాల కంటే, షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాల కంటే తక్కువ ఉంటే, లేదా చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉంటే, అవి 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం కిందికి వస్తాయి. వాటిని మామూలు ప్రకటనతో అమ్మడం కుదరదు. ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ ఆమోదం వచ్చాకే చేయి మారాలి. అలాంటిది కనబడితే ముందు న్యాయవాదితో మాట్లాడండి. మా ఇంట్లో అలాంటివేమీ లేవు.

ఇక చట్టం. ఫెడరల్ చట్టంలో ప్రైవేటు అమ్మకందారును పట్టుకునే ముడులు నాలుగు ఉన్నాయి, నాలుగూ 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం చుట్టూ తిరిగేవే. మీ సొంత వస్తువులు అమ్ముకోవడానికి లైసెన్సు అక్కర్లేదు గానీ, లాభం కోసం పదే పదే కొని అమ్మితే అది వ్యాపారమవుతుంది, లైసెన్సు కావాలి. లాభం ప్రధాన ఉద్దేశమైతే చాలని 2022లో చట్టంలో మాట మార్చారు కాబట్టి ఇప్పుడు ఈ గీత ఇంకా బిగిసింది. రెండవది, వేరే రాష్ట్రంలో నివసించే వ్యక్తికి మీరు నేరుగా ఇవ్వకూడదు. లైసెన్సు ఉన్న డీలరు మధ్యలో ఉండి తీరాలి. మూడవది, తుపాకి ఉంచుకోవడానికి అర్హత లేని మనిషని తెలిసి గానీ, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి గానీ అమ్మకూడదు. 2022 తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. నాలుగవది, ఒకరి పేరు మీద మరొకరి కోసం జరిగే కొనుగోలు. దాని కథ తర్వాత చెబుతాను.

రాష్ట్రాల చట్టాలు వీటి మీద అదనంగా కూర్చుంటాయి. టెక్సస్‌లో ఒకే రాష్ట్రానికి చెందిన ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య అమ్మకానికి, కొనేవారి గత చరిత్రను, అర్హతను సరిచూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి కాదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, వాషింగ్టన్, ఇల్లినాయ్‌లలో ఇలా చెక్ లేకుండా అమ్మితే నేరం. మెయిన్ రాష్ట్రం 2024 ఆగస్టు నుంచి ప్రకటన ఇచ్చి అమ్మే ప్రైవేటు అమ్మకాలకు చెక్ తప్పనిసరి చేసింది. అంటే ప్రకటన ఇవ్వడమే అక్కడ చట్టాన్ని మేల్కొలుపుతుంది. మీ రాష్ట్రం ఏమంటున్నదో ప్రకటన పెట్టే రోజునే సరిచూసుకోండి. మూడేళ్ల క్రితం మిత్రుడు చెప్పిన మాట మీద ఆధారపడకండి.

టెక్సస్ చట్టం నన్ను అడగకపోయినా నాలుగింటినీ డీలరు ద్వారానే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించి అమ్మాలని తీర్మానించుకున్నాను. అందుకు ఒక కారణం విస్కాన్సిన్‌లోని బ్రూక్‌ఫీల్డ్. 2012 అక్టోబరులో అక్కడ, భార్యకు దూరంగా ఉండాలనీ తుపాకి ఉంచుకోకూడదనీ కోర్టు ఉత్తర్వు పొందిన ఒక మనిషి, రోజుల వ్యవధిలో ఆన్‌లైన్ ప్రకటన చూసి ఒక ప్రైవేటు వ్యక్తి దగ్గర పిస్తోలు కొన్నాడు. మర్నాడు ఆమె పనిచేసే చోటికి వెళ్లి ఆమెను, మరో ఇద్దరు స్త్రీలను చంపాడు. డీలరు దగ్గర చెక్ జరిగి ఉంటే ఆ ఉత్తర్వు బయటపడే అవకాశం ఉండేది. ఇంకో కారణం మా టెక్సస్‌దే. 2019 ఆగస్టు 31న మిడ్లాండ్, ఒడెస్సా ఊళ్లలో కాల్పులు జరిపిన మనిషి అంతకుముందు 2014లో దుకాణంలో బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో తిరస్కరణకు గురయ్యాడు. తర్వాత ప్రైవేటు అమ్మకంలో రైఫిల్ సంపాదించాడు. అమ్మిన వ్యక్తికి, లైసెన్సు లేకుండా తుపాకుల వ్యాపారం చేసినందుకు, రెండేళ్ల జైలు శిక్ష పడింది. ఈ రెండు సంగతులూ చదివిన రాత్రి, దుకాణంలో ఒక అరగంట కూర్చోవడం నాకు బరువని ఎవరైనా అంటే వినదలచుకోలేదు.

మూడో కారణం పూర్తిగా లెక్కల మనిషి కారణం. ఈ దేశంలో తుపాకుల యజమానుల జాతీయ జాబితా అంటూ లేదు; అలాంటిది పెట్టకూడదని 1986 చట్టమే అంటుంది. నేరం జరిగిన చోట తుపాకి దొరికితే, వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న, తుపాకుల చట్టాలు అమలుచేసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ కేంద్రం సీరియల్ నంబరు పట్టుకుని తయారీదారుకు, అక్కడి నుంచి టోకు వ్యాపారికి, అక్కడి నుంచి చిల్లర దుకాణానికి వెళ్లి, దుకాణం దాచిన ఫారంలో మొదటి కొనుగోలుదారు పేరు చూస్తుంది. అక్కడితో ఆ దారి సాధారణంగా ఆగిపోతుంది. నా నాలుగింటిలోనూ ఆ పేరు మా ఆయనది. పార్కింగ్ స్థలంలో నగదు తీసుకుని ఇచ్చేస్తే, పదేళ్ల తర్వాత ఆయన పేరు అడుగుతూ ఎవరో తలుపు తడతారు. డీలరు దగ్గర చేయి మారితే ఆ దుకాణం పుస్తకంలో కొత్త పేరు చేరుతుంది, నా దగ్గర ఆ దుకాణం పేరు, తేదీ ఉంటాయి.

కాబట్టి ప్రకటన కంటే ముందు దుకాణం వెతకండి. ఫెడరల్ లైసెన్సు ఉన్న డీలరును ఇక్కడ అందరూ ఎఫ్‌ఎఫ్‌ఎల్ అంటారు. ఫోను చేసి మూడు ప్రశ్నలు అడగాలి: ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య బదిలీ చేస్తారా, రుసుము ఎంత, చెక్ ఆలస్యమైతే మీ పద్ధతి ఏమిటి. నేను నాలుగు దుకాణాలకు ఫోను చేశాను. ఒకరు అలాంటి బదిలీలు చేయమన్నారు. చివరికి ఎంచుకున్న దుకాణం తుపాకికి 30 డాలర్లు తీసుకుంటానన్నది. కౌంటరులో ఉన్న మనిషి నా ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పడం కూడా ఆ ఎంపికకు కారణమే. అమ్మకం అంతా తలనొప్పిగా తోస్తే, ఇక్కడే ఆగి దుకాణానికే అమ్మేయవచ్చు. ధర తక్కువ వస్తుంది గానీ పని ఒక్క పూటలో ముగుస్తుంది. ఆరోగ్యం బాగాలేనివాళ్లు, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఆ దారే పట్టాలని నా అభిప్రాయం.

ప్రకటన ఎక్కడ ఇవ్వాలన్నది చాలామంది తడబడే చోటు. పాత సోఫాలు, సైకిళ్లు అమ్మే మామూలు వేదికల్లో తుపాకులకు చోటు లేదు. ఈబే 1999లో, క్రెయిగ్స్‌లిస్ట్ 2007లో వద్దన్నాయి. ఫేస్‌బుక్ 2016లో ప్రైవేటు తుపాకి అమ్మకాలను నిషేధించింది. అక్కడ పెట్టె ఒక్కటే అమ్ముతున్నట్టు రాసి లోపల తుపాకి ఉందని సూచించేవాళ్లు ఉంటారు. అలాంటి దొంగదారి తొక్కవద్దు. తుపాకుల కోసమే ఉన్న వర్గీకృత ప్రకటనల వేదికలు వేరే ఉన్నాయి, వేలం వేదికలూ ఉన్నాయి. రైఫిల్, షాట్‌గన్, పిస్తోలు మూడింటికీ ప్రకటన వేదిక వాడుకున్నాను, రివాల్వర్‌ను వేలంలో పెట్టాను. సేకరించేవాళ్లు దూరదూరాల నుంచి చూసేది వేలాల్లోనే.

ధర నిర్ణయించేటప్పుడు అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు చూడకండి, ముగిసిన వేలాల్లో నిజంగా పలికిన ధరలు చూడండి. ఆ రెండింటికీ చాలా తేడా ఉంటుంది. నేను ఒక్కోదానికి పది ముగిసిన అమ్మకాలు రాసుకుని, పైన రెండు, కింద రెండు కొట్టేసి, మిగిలిన వాటి సగటు తీశాను.

ఫొటోలు పగటి వెలుగులో, సాదా దుప్పటి మీద తీయండి. మ్యాగజైన్ బయట పెట్టి, ఛాంబర్ తెరిచి ఖాళీగా కనబడేలా తీస్తే చూసేవారికి మీ జాగ్రత్త అర్థమవుతుంది. రెండు వైపులా, గురి చూసే భాగం, గీతలు పడిన చోటు విడివిడిగా చూపించండి. గీతను దాచిపెడితే దుకాణంలో బేరం మొదలవుతుంది. సీరియల్ నంబరులో చివరి అంకెల మీద కాగితం ముక్క పెట్టాను; నంబరు దొంగిలించి అదే తుపాకి తమదని మోసపు ప్రకటనలు పెట్టేవాళ్లు ఉంటారని దుకాణదారు హెచ్చరించాడు. ఫొటోలో ఇంటి నంబరు, కుటుంబ చిత్రాలు, కారు ప్లేటు, ఇనుప పెట్టె కనబడకూడదు. ఫోను ఫొటోలో స్థల సమాచారం నమోదయ్యే ఏర్పాటును ముందే ఆపేయండి. ఫలానా ఇంట్లో తుపాకులున్నాయి, ఒంటరి ఆడమనిషి ఉంది అని లోకానికి చాటడం ఎంత ప్రమాదమో నేను విడిగా చెప్పనక్కర్లేదు.

రాతలో కూడా అంతే పొదుపు పాటించాను. షాట్‌గన్ ప్రకటన సారం ఇది: రెమింగ్టన్ 870, 12 గేజ్, పంప్ పద్ధతి, ఒకే యజమాని, వేటకు వాడినది, పిడి మీద కుడివైపు ఒక గీత ఉంది. ధర ఇంత. లైసెన్సు ఉన్న డీలరు దుకాణంలోనే బదిలీ, బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి, రుసుము నేను భరిస్తాను. టెక్సస్ నివాసులకే. ఇంటికి పంపను, మార్పిడి చేయను, ఇతరుల కోసం కొనేవారికి అమ్మను. ఊరు పేరు కూడా పెట్టకుండా జిల్లా పేరుతో సరిపెట్టాను. భర్త పోయారని రాయలేదు. జాలి చూపించి ధర తగ్గించే మాటలు మొదలవుతాయి, అంతకంటే చెడ్డవాళ్లకు ఆ సంగతి తెలుస్తుంది. ఫోను నంబరు బదులు ఈ పనికే తెరిచిన ఈమెయిల్ ఇచ్చాను.

రుసుము నేనే భరిస్తానని రాయడం గురించి ఒక మాట. చెక్ వద్దనుకునేవాళ్లు బయటికి చెప్పే సాకు చాలాసార్లు ఆ ముప్పై డాలర్లే. ఆ సాకు తీసేస్తే, ఇంకా ఒప్పుకోనివాళ్లెవరో వాళ్లంతట వాళ్లే బయటపడతారు. మొదటి వారం వచ్చిన పదకొండు ఉత్తరాల్లో ముగ్గురు, దుకాణం లేకుండా పెట్రోలు బంకు దగ్గర కలుద్దామన్నారు. వాళ్లలో నేరస్థులు ఎవరూ లేకపోవచ్చు. ఏకాంతం కోరుకునే మామూలు మనుషులే అయి ఉండవచ్చు. కానీ ఉత్తరంలో మనిషిని తూచే తక్కెడ నా దగ్గర లేదు. ముగ్గురికీ ఒకే వాక్యం పంపాను: నా షరతులు ప్రకటనలో ఉన్నాయి, మీకు కుదరకపోతే పరవాలేదు.

మరొకరు అడిగిన ధరకంటే ఎక్కువ మొత్తానికి బ్యాంకు చెక్కు పంపుతాననీ, మిగులు డబ్బు రవాణా మనిషికి ఇవ్వమనీ రాశారు. ఇది అన్ని ప్రకటనల్లోనూ తిరిగే పాత మోసం. చెక్కు నకిలీదని బ్యాంకు చెప్పేలోగా మీ డబ్బు వెళ్లిపోతుంది. జవాబు ఇవ్వకుండా వేదికకు ఫిర్యాదు చేశాను.

నాకు నిజంగా బాధ కలిగించిన తిరస్కరణ మనవాడిదే. మా ఆయన ఎంతో ఇష్టంగా పలకరించే కుర్రాడు, కంప్యూటర్ ఉద్యోగం, హెచ్1బీ వీసా. "ఆంటీ, అంకుల్ గుర్తుగా ఆ చిన్న రైఫిల్ నేను తీసుకుంటాను, ఎంత ఇవ్వమంటారో చెప్పండి" అన్నాడు. గొంతు పూడుకుపోయింది. కానీ ఈ దేశంలో వలసేతర వీసా మీద ఉన్నవారు, అంటే హెచ్1బీ, ఎల్1, విద్యార్థుల ఎఫ్1 వంటివాటి మీద ఉన్నవారు, సాధారణంగా తుపాకి గానీ తూటాలు గానీ ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు చట్టంలో ఉన్నాయి, కానీ అవి వర్తిస్తాయో లేదో తేల్చడం వంటగదిలో కూర్చున్న నా పని కాదు. అతని వీసా సంగతి నాకు తెలుసు కాబట్టి, తెలియక అమ్మానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. "బాబూ, నీకు ఇస్తే అది నీ వీసాకు, నీ జీవితానికే ప్రమాదం. గ్రీన్‌కార్డు వచ్చాక నువ్వే కొత్తది కొనుక్కో" అన్నాను. అతను నొచ్చుకోలేదు. మన ఇళ్లలో ఈ నిబంధన ఎంతమందికి తెలియదో ఆ రోజు అర్థమైంది. స్నేహితుడికి వారాంతం కోసం చేతికిచ్చే ముందు కూడా దీన్ని గుర్తు పెట్టుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవారు, పౌరులు కొనవచ్చు, మిగతా అర్హతలన్నీ ఉంటే.

అతను వెళ్లాక అతని స్నేహితుడు, పౌరసత్వం ఉన్నవాడు, ఫోను చేశాడు. "నా పేరు మీద తీసుకుని తర్వాత వాడికిస్తాను" అన్నాడు మంచి మనసుతోనే. నాలుగో ముడి ఇదే. దుకాణంలో నింపే 4473 నంబరు ఫారంలో, ఈ తుపాకి అసలు కొనుగోలుదారు మీరేనా అన్న ప్రశ్న ఉంటుంది. అబద్ధం రాస్తే నేరం. 2014లో అబ్రామ్‌స్కీ కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది: ఒకాయన తన మామ డబ్బుతో మామ కోసం గ్లాక్ కొన్నాడు, ఆ మామకు తుపాకి ఉంచుకునే అర్హత పూర్తిగా ఉంది, అయినా ఫారంలో తానే కొనుగోలుదారునని రాయడం నేరమే అన్నది కోర్టు. 2022 చట్టం అర్హత లేనివారి కోసం ఇలా కొనడాన్ని 15 ఏళ్ల శిక్ష పడే ప్రత్యేక నేరంగా చేసింది. తండ్రి తన సొంత డబ్బుతో కొడుక్కి కానుక కొనడం వేరు, అది ఒప్పుకున్నారు. ఎవరి డబ్బు, ఎవరి కోసం అన్నదే ప్రశ్న.

టెక్సస్ నివాసులకే అని రాసినా, షాట్‌గన్ అడిగినాయన పొరుగు రాష్ట్రమైన ఓక్లహామా మనిషి. మా ఇంటి నుంచి సరిహద్దు గంట ప్రయాణం. "నేనే వస్తాను, డబ్బు తెస్తాను" అన్నాడు. ఆయనకు నేను నేరుగా ఇస్తే నేరం, అది ఎంత దగ్గరైనా. ఇలాంటప్పుడు రైఫిల్, షాట్‌గన్‌లకు ఒక వెసులుబాటు ఉంది: రెండు రాష్ట్రాల చట్టాలూ ఒప్పుకుంటే ఇక్కడి డీలరే ఎదురుగా ఉన్న పొరుగు రాష్ట్రం మనిషికి బదిలీ చేయవచ్చు. పిస్తోలు, రివాల్వర్‌లకు ఆ దారి లేదు. కొనేవారి సొంత రాష్ట్రంలోని డీలరుకు చేరాలి. ఆయనకు ఇది వివరించి, మా దుకాణం పేరు చెప్పాను. ఆయన శనివారం వచ్చాడు, మొదటి అమ్మకం అదే అయింది.

దుకాణానికి తీసుకెళ్లే రోజు ముందుగా ఫోను చేసి, ఏ వేళకు వస్తున్నామో చెప్పండి. తుపాకిని ఖాళీగా, తాళం వేసిన సంచిలో, కారు డిక్కీలో పెట్టుకోవాలి. తూటాలు వేరే సంచిలో. దుకాణంలో అడుగు పెట్టగానే సంచి తెరవకుండా కౌంటరు దగ్గర చెబితే వాళ్లే తెరుస్తారు. మీరు కొనేవారితో కలిసి ఇంటి నుంచి బయలుదేరవద్దు, వాళ్లను ఇంటికి రమ్మనవద్దు. నేను ప్రతిసారీ మా చెల్లెలి భర్తను వెంట తీసుకెళ్లాను.

అక్కడ జరిగేది ఇది. డీలరు తుపాకిని తన పుస్తకంలో ఎక్కిస్తాడు. కొనేవారు గుర్తింపు కార్డు చూపి 4473 ఫారం నింపుతారు. డీలరు ఆ వివరాలు ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ వ్యవస్థకు పంపుతాడు. 1993 నాటి బ్రాడీ చట్టం వల్ల 1998 నవంబరు చివర్లో మొదలైన వ్యవస్థ అది. ముందుకు వెళ్లవచ్చు, ఆలస్యం, తిరస్కరణ: ఈ మూడింటిలో ఒక జవాబు వస్తుంది. టెక్సస్‌లో ఆయుధం ధరించే లైసెన్సు ఉన్నవారికి ఆ లైసెన్సే ఈ చెక్ స్థానంలో పనిచేస్తుంది, ఫారం మాత్రం నింపాల్సిందే. షాట్‌గన్‌కు, రైఫిల్‌కు జవాబు నిమిషాల్లో వచ్చింది. డబ్బు అప్పుడే తీసుకున్నాను, ముందు కాదు.

పిస్తోలు దగ్గర ఆలస్యం అని వచ్చింది. కొనేవాడు చిన్నవాడు, ముఖం ఎర్రబడింది. ఒకే పేరున్నవాళ్ల వల్ల కూడా ఇలా జరుగుతుందని డీలరు అతనికి సర్ది చెప్పాడు. మామూలుగా మూడు పనిదినాల్లో ఖచ్చితమైన జవాబు రాకపోతే డీలరు ఇచ్చేయవచ్చు. ఇచ్చి తీరాలని మాత్రం చట్టం అనదు. 2015లో చార్ల్స్‌టన్ చర్చిలో తొమ్మిదిమందిని చంపిన యువకుడికి తుపాకి చేరింది ఈ మూడు రోజుల సందులోంచే, అతన్ని తిరస్కరించాల్సిందని ఎఫ్‌బీఐ తర్వాత ఒప్పుకున్నది. కాబట్టి అనుమతి స్పష్టంగా వచ్చేదాకా ఇవ్వవద్దని, అంతవరకు డబ్బు తీసుకోననీ దుకాణదారుతో ముందే చెప్పి పెట్టాను. ఆరో రోజున అనుమతి వచ్చింది. ఆ కుర్రాడు ఓపిక పట్టాడు, అతని మీద నాకు గౌరవం పెరిగింది. మీరు తుపాకి దుకాణంలో వదిలి వచ్చాక తిరస్కరణ వస్తే, అది మీకు తిరిగి ఇవ్వడానికి మీ మీద కూడా చెక్ నడపాల్సి ఉంటుంది. ఇది ముందే తెలిసి ఉంటే కంగారు పడరు.

రివాల్వర్‌ను వేలంలో జార్జియాలోని ఒక సేకరణదారు గెలుచుకున్నాడు. దాన్ని నేను పెట్టెలో కట్టి ఏ కొరియరుకూ ఇవ్వలేదు. యూపీఎస్, ఫెడెక్స్ సంస్థలు 2022 నుంచి లైసెన్సు లేనివారి నుంచి తుపాకులు తీసుకోవడం మానేశాయి. మా దుకాణదారే జార్జియా డీలరు లైసెన్సు ప్రతి తెప్పించుకుని, సరిచూసి, తన పేరుతో పంపాడు. రవాణాతో కలిపి 60 డాలర్లు అయ్యాయి, అది కొనేవారు పెట్టుకున్నారు. డబ్బు ముందే నా ఖాతాలోకి పూర్తిగా చేరాక మాత్రమే పంపమన్నాను. కొనేవారి ఇంటి చిరునామాకు పంపమని ఎవరైనా అడిగితే అక్కడితో మాటలు ఆపేయండి.

ప్రతి అమ్మకానికీ ఒక విక్రయపత్రం రాసుకున్నాను. ఫెడరల్ చట్టం అడగదు, నేనే అడిగాను: తేదీ, తయారీదారు, మోడల్, క్యాలిబర్, పూర్తి సీరియల్ నంబరు, ధర, బదిలీ చేసిన దుకాణం పేరు, ఇద్దరి సంతకాలు. రెండు ప్రతులు, ఒకటి వాళ్లకు, ఒకటి నాకు. మిగిలిన తూటాలను దుకాణమే తీసుకున్నది. అమ్మకం అయిన రోజునే ప్రకటన తీసేశాను. వదిలేస్తే ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, ఇంట్లో ఇంకా తుపాకులున్నాయని అనుకుంటారు.

నాలుగు విక్రయపత్రాలూ వీలునామా ప్రతితో పాటు బ్యాంకు లాకరులో పెట్టి, ఎక్కడ ఉన్నాయో మా అబ్బాయికి ఉత్తరం రాశాను. ఇనుప పెట్టె అమ్మలేదు. అందులో ఇప్పుడు మా ఆయన డైరీలు ఉన్నాయి.